థియాలజీలో బి మైనస్ వస్తే బడి మార్చాలా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. సొంతూరు గుంటూరు. మా అబ్బాయిని ఆగస్టులో ఒక క్యాథలిక్ కాలేజ్ ప్రిపరేటరీ స్కూల్లో తొమ్మిదో తరగతిలో చేర్చాం. యేసు సభ (జెస్యూట్) ఫాదర్ల బడి. ఏడాదికి పాతిక వేల డాలర్ల పైనే ఫీజు. ఎనిమిది వరకు పబ్లిక్ (ప్రభుత్వ) స్కూల్లో అన్నీ ఏ గ్రేడ్లే. మొన్న మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చాయి. థియాలజీలో, అంటే వాళ్ల మత విద్య సబ్జెక్టులో, బి మైనస్, ఇంగ్లిష్‌లో బి. లెక్కల్లో ఏ వచ్చింది గానీ, ట్యూషన్‌లో ఎప్పుడో పూర్తిచేసిన జామెట్రీనే మళ్లీ చదివిస్తున్నారు. మనది వేరే మతం కాబట్టే థియాలజీలో తగ్గించారని మావారి అనుమానం. వాడు రాసే ప్రతి పేపరు పైనా ఏ.ఎం.డి.జి. అని రాస్తున్నాడు. వచ్చే నెల బడిలో జరిగే క్యాథలిక్ పూజలో (మాస్) తెలుగులో ఒక ప్రార్థన చదవమన్నారట, చదువుతానంటున్నాడు. అది విన్నప్పటి నుంచి గుంటూరులో మా అత్తగారికి నిద్ర లేదు. మామగారు మాత్రం 'నేనూ విజయవాడ లయోలాలో చదివినవాణ్నే, నాకేమైంది' అంటారు. మావారు జూన్‌లో మళ్లీ పబ్లిక్ స్కూలుకు మార్చేద్దామంటున్నారు. పిల్లవాడు మారనంటున్నాడు. టీచరుతో మాట్లాడి ఆ గ్రేడు సరిచేయించవచ్చా? వ్యాసాలకు ట్యూటర్‌ను పెట్టాలా? అసలు ఆ బడిలో ఉంచాలా? థియాలజీ పేపరు ఫొటో జతచేస్తున్నాను.
— ఒక తల్లి, ఫ్రీమాంట్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం కంటే ముందు ఆ ఫొటోనే చదివాను. ఇలాంటి బడిలోనే లెక్కలు చెప్పి రిటైరయిన దాన్ని, దిద్దిన పేపరు కనబడితే కళ్లు ముందు అటే పోతాయి. మీరడిగిన వాటికి జవాబు చాలావరకు ఆ పేపర్లోనే ఉంది, కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

బైబిల్లో ఆదికాండం మొదటి రెండు అధ్యాయాల్లో సృష్టి గురించి రెండు వేర్వేరు కథనాలున్నాయి. వాటి మధ్య తేడాలు రెండు చూపించి, మనిషి స్థానం గురించి ఒక్కో కథనం ఏం చెప్పదలచుకుందో మూలంలోని వాక్యాల ఆధారంగా వాదించమని ప్రశ్న. మీ అబ్బాయి పేజీన్నర రాశాడు. అందులో మొదటి పేజీ అంతా కథ తిరిగి చెప్పడమే. మొదటి రోజు వెలుగు, రెండో రోజు ఆకాశం, మూడో రోజు నేల, చెట్లు... ఇలా ఆరో రోజు దాకా నడిచింది. మార్జిన్‌లో టీచరు ఆకుపచ్చ సిరాతో 'ఇది కథ. నీ వాదన ఏది?' అని రాసింది. కింద రెండు చోట్ల 'ఏ వచనం?' అని అడిగింది. ఆఖరి నాలుగు వాక్యాల పక్కన నిలువుగీత గీసి, 'ఇది చాలా బాగుంది. వ్యాసం ఇక్కడ మొదలుకావాల్సింది' అని రాసింది.

ఆ నాలుగు వాక్యాల్లో మీవాడు ఏమన్నాడో చదివారా? మొదటి కథనంలో మనిషి అందరికంటే చివర వస్తాడు, అప్పటికి లోకమంతా సిద్ధంగా ఉంటుంది. రెండో దాంట్లో దేవుడు జంతువుల కంటే ముందే మట్టితో మనిషిని చేసి, తోటను సాగుచేసి కాపాడే పని అప్పగిస్తాడు. అంటే ఒకచోట యజమాని, ఇంకోచోట తోటమాలి అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని సొంతంగా పట్టుకున్న సంగతి అది. అదే మొదటి పేరాలో ఉండి, కింద వచనాల సంఖ్యలతో నిరూపణ ఉంటే ఏ వచ్చేది. నేనైనా ఈ పేపరుకు ఆమె వేసిన 81 వేసేదాన్ని. వాడిది ఏ మతమో ఆ మార్కులో ఎక్కడా లేదు. చిన్నప్పటి నుంచి సత్యోపదేశం (క్యాథలిక్ మతబోధ) తరగతులకు వెళ్లిన క్యాథలిక్ పిల్లవాడు ఇదే రాసినా ఇదే వచ్చేది. నిజానికి ఆ పిల్లలకే మొదటి సెమిస్టర్‌లో ఇంకాస్త కష్టం, కథ ముందే తెలుసు కాబట్టి పుస్తకం తెరవరు.

ఇంకో సంగతి. ఈ ప్రశ్న ఆ టీచరు సొంత పోకడ కూడా కాదు. గ్రంథంలోని ప్రతి భాగాన్నీ అది ఏ సాహిత్య ప్రక్రియలో రాశారో గమనించి చదవాలని క్యాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. అక్షరం అక్షరం చరిత్రగా నమ్మాలన్న పట్టు క్యాథలిక్ బడుల్లో ఉండదు. సైన్సు క్లాసులో పరిణామవాదం మామూలుగానే చెబుతారు.

మరి మీవారికి ఆ అనుమానం ఎందుకొచ్చింది? మన ఊళ్లలోని కాన్వెంటు బడులు ఆయన మనసులో ఉన్నాయి గనుక. మామగారు చదివిన ఆంధ్ర లయోలా కాలేజీ 1953 నాటిది. దాన్ని పెట్టిందీ యేసు సభ వారే. అక్కడా, గుంటూరు పక్కన నల్లపాడు లయోలా స్కూల్లోనూ, హైదరాబాద్‌లోని మిషనరీ బడుల్లోనూ లక్షలమంది హిందువుల పిల్లలు చదివారు. అక్కడి పద్ధతి మీకు తెలిసిందే: క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి ఒక గదికి, మిగిలినవాళ్లు నీతిబోధకు ఇంకో గదికి. దాని వెనక మన రాజ్యాంగం కూడా ఉంది. 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో మతబోధకు, ఆరాధనకు రావాలని ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, బలవంతపెట్టకూడదు. మామగారు 'నాకేమైంది' అనడం నిజమే గానీ, ఆయన చదివిన చదువు, మనవడు చదువుతున్న చదువు ఒకటి కావు. ఆయనకు ఫాదర్లు ఫిజిక్సు చెప్పి ఉంటారు, థియాలజీ కాదు.

అమెరికాలో ప్రైవేటు బడికి ఆ కట్టుబాటు లేదు. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో, దాంతోపాటు ఇచ్చిన హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది చూడండి: థియాలజీ నాలుగేళ్లూ అందరికీ తప్పనిసరి, గ్రేడు ఉంటుంది, జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుస్తుంది. అమెరికా బిషప్పుల సమాఖ్య 2007లో ఆమోదించిన పాఠ్య ప్రణాళిక ఒకటుంది. ఆరు ముఖ్యమైన కోర్సులు, పైన కొన్ని ఐచ్ఛికాలు. బడిని బట్టి వరస మారుతుంది గానీ, మొదట గ్రంథ పఠనం, క్రీస్తు జీవితం, తరువాత క్రైస్తవ సభ (చర్చి) చరిత్ర, జ్ఞానస్నానం లాంటి సంస్కారాలు, పదకొండులో నైతికత, పన్నెండులో సామాజిక న్యాయం, ఇతర మతాల పరిచయం. చాలామంది మన తల్లిదండ్రులు ఆ పేజీని 'ఏదో మోరల్ సైన్సులే' అనుకుని తిప్పేస్తారు. అది ఇంగ్లిష్, చరిత్రల్లాగే చదివి, రాసి, వాదించే సబ్జెక్టు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. మీ దంపతులిద్దరూ ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీలో చదివారని మీరు రాయలేదు, కానీ ఉత్తరం నిండా ఆ వాసన ఉంది. వారం పరీక్ష, మార్కు, ర్యాంకు, ఎక్కడ తగ్గిందో చూసి అక్కడ ఇంకో గంట. ఈ బడిని ఆ తూకంతో తూచితే పాతిక వేల డాలర్లు దండగే, అంతకంటే తక్కువలో ఆ పని చేసిపెట్టేవాళ్లు ఫ్రీమాంట్ వీధివీధినా ఉన్నారు. మీవాడు ఎనిమిదిలో ఈ బడి కోసం రాసిన హెచ్.ఎస్.పి.టి. పరీక్ష గుర్తుందా? మొత్తం 298 ప్రశ్నలు. మొదటి భాగంలో 60 ప్రశ్నలకు 16 నిమిషాలు. మన పిల్లలు దాన్ని అవలీలగా కొట్టి లోపలికి వస్తారు. లోపల మాత్రం ఒకే ప్రశ్న మీద రెండు వారాలు కూర్చోమంటారు. ఆ ముడి విప్పుకోవడానికి తొమ్మిదో తరగతి మొత్తం పడుతుంది చాలామందికి. మీవాడి ఇంగ్లిష్ బి కూడా ఇదే జబ్బు అయివుంటుందని పందెం కాస్తాను.

ఫాదర్ల చదువు మొదటి నుంచీ ఇంతే. గృహస్థుల పిల్లల కోసం వాళ్లు మొదటి బడి తెరిచింది 1548లో, సిసిలీలోని మెస్సీనాలో. 1599లో తమ బడులన్నిటికీ కలిపి ఒక బోధనా ప్రణాళిక రాసుకున్నారు. చదివింది తిరిగి చెప్పడం, ఎదుటివాడితో వాదించడం, బాగా రాయడం, నలుగురిలో మాట్లాడటం, అన్నీ అందులో ఉన్నాయి. లాటిన్ పోయింది, తోలు అట్టల పుస్తకాల చోట ఐప్యాడ్లు వచ్చాయి, ఆ పట్టు మాత్రం పోలేదు. అమెరికాలో జార్జ్‌టౌన్ ప్రెప్ 1789 నుంచి, మీ బే ఏరియాలో బెల్లార్మిన్ 1851 నుంచి, సాన్ ఫ్రాన్సిస్కోలో సెయింట్ ఇగ్నేషియస్ 1855 నుంచి నడుస్తున్నది ఈ పట్టు మీదే. (కట్టుకోగలిగినవాళ్లకే ఈ చదువా అని అడిగేవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్న. న్యూయార్క్‌లోని రీజిస్ 1914 నుంచి ఫీజు లేకుండానే చెబుతోంది. మీ బడిలోనూ ఆదాయాన్ని బట్టి సాయం ఉంటుంది, సాధారణంగా మతంతో పని లేదు. అవసరముంటే మొహమాటపడకుండా దరఖాస్తు పెట్టండి.)

పబ్లిక్ హైస్కూల్లో ఒక ఇంగ్లిష్ టీచరు చేతిలో నూట యాభై మంది పిల్లలుండటం మామూలు. ఆ టీచరు ఎంత మంచిదైనా ప్రతి పేపరు మార్జిన్‌లోనూ 'నీ వాదన ఏది?' అని రాసే తీరిక ఎక్కడిది? మీ ఫీజులో ముప్పాతిక భాగం ఆ ఆకుపచ్చ సిరాకే కడుతున్నారనుకోండి. ఆ సిరాను చూసి గ్రేడు తగ్గించారని కోప్పడితే, డబ్బిచ్చి కొన్న సరుకును గుమ్మంలోనే వదిలేసి వచ్చినట్టు.

టీచరుతో మాట్లాడి సరిచేయించవచ్చా అన్నారు. వద్దు. మీరు వెళ్లకండి, మీవారు అసలే వెళ్లకూడదు. మీవాణ్ని పంపండి. వారంలో ఏదో ఒక వేళ టీచర్లు పిల్లల కోసం గదిలో కూర్చునే సమయం ఈ బడుల్లో ఉంటుంది. వాడే ఈమెయిలు రాసుకుని వెళ్లాలి. 'నాకెందుకు తగ్గింది' అని మొదలుపెట్టొద్దని మాత్రం చెప్పండి. 'మీరు గీత గీసిన పేరాతో మొదలుపెట్టి మళ్లీ రాశాను, మార్కులు అక్కర్లేదు, ఒక్కసారి చూస్తారా' అనాలి. తిరగరాసిన పేపరు చేతిలో ఉండాలి. ఇలా వచ్చిన పిల్లవాణ్ని ఏ టీచరూ మరిచిపోదు. మూడేళ్ల తరువాత కాలేజీకి సిఫారసు లేఖ రాసేది కూడా ఆ టీచర్లే. నేను పనిచేసినప్పుడు మన తల్లిదండ్రుల ఈమెయిళ్లు రాత్రి పదకొండు దాటాక వచ్చేవి, గ్రేడ్ల పోర్టల్‌లో మార్కు పడిన పావుగంటకు. పొద్దున పిల్లవాడు క్లాసుకు వస్తే వాడికి ఆ ఉత్తరం సంగతే తెలిసేది కాదు. ఫోనులో ఆ పోర్టల్ నోటిఫికేషన్లు ఆపేయండి. వారానికోసారి, వాడి పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి చూడండి. వాడు రెండుసార్లు వెళ్లినా టీచరు నుంచి జవాబు లేకపోతే, అప్పుడు కౌన్సెలర్‌కు మీరు రాయండి. మతం కారణంగా నిజంగా ఏదైనా జరిగిందని ఆధారం కనబడితే ఆ రోజే డీన్ దగ్గరికి వెళ్లండి, మొహమాటం వద్దు. ఈ పేపర్లో మాత్రం అలాంటిదేమీ లేదు.

వ్యాసాలకు ట్యూటర్ వద్దు. ఆయన ఒక వాక్యం సరిచేస్తాడు, తరువాత ఒక పేరా, ఆపైన పేపరు ఎవరిదో తెలియదు. పరాయి వాక్యం, చాట్‌జీపీటీ వాక్యం, రెండూ ఈ బడుల్లో నేరాలే. దొరికితే సున్నాతో పోదు, డీన్ దగ్గర ఫైలు తెరుచుకుంటుంది. దానికి బదులు, రాసింది వాణ్ని మీకు పైకి చదివి వినిపించమనండి. వంట చేస్తూ వినండి చాలు. ప్రతి పేరా అయ్యాక 'అయితే ఏమిటి?' అని అడగండి. తెలుగులోనే అడగండి. జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే ఆ పేరాలో వాదన లేదని వాడికే తెలుస్తుంది.

ఇక జామెట్రీ. ఇది నా ఇలాకా, కాస్త ఓపిక పట్టండి. ఏ క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి పిల్లవాణ్ని వెనక్కి వేశారని కోపగించుకోని మన ఇల్లు లేదు. ఒక పని చేయండి. రాత్రి భోజనాలయ్యాక వాడికో తెల్లకాగితం ఇచ్చి, త్రిభుజం మూడు భుజాల లంబ సమద్విఖండన రేఖలు ఒకే బిందువు దగ్గర ఎందుకు కలుస్తాయో నిరూపించమనండి. పుస్తకం, ఫోను లేకుండా. సూత్రం ఒప్పజెప్పడం కాదు, రెండు రేఖలు కలిసిన చోటు గుండా మూడోది ఎందుకు పోయి తీరాలో చెప్పాలి. ఆ బిందువు మూడు శీర్షాలకూ సమాన దూరంలో ఉందన్న మాట వాడి నోట పదినిమిషాల్లో వస్తే, గణిత విభాగం పెద్దను మళ్లీ పరీక్ష పెట్టమని అడగొచ్చు. రాకపోతే వాడు ఉండాల్సిన క్లాసులోనే ఉన్నాడు. ట్యూషన్ సెంటర్లలో జామెట్రీ 'పూర్తిచేసిన' పిల్లల్లో ఎక్కువమందికి కోణాల విలువలు కట్టడం వచ్చు, నిరూపణ రాదు. నిరూపణ లేని జామెట్రీ జామెట్రీయే కాదు. తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కాల్క్యులస్. ఈ దారిలో వెళ్లి మంచి ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరినవాళ్లు బోలెడుమంది.

అలాగని ఈ బడుల్ని ఆకాశానికెత్తను. లెక్కల్లోనో కంప్యూటర్ సైన్సులోనో నిజంగా పరుగెత్తే పిల్లవాడికి చిన్న బడిలో దారి త్వరగా అయిపోతుంది. పదకొండుకల్లా చెప్పాల్సిన కోర్సు ఉండదు. మీ ఊళ్లోని పెద్ద పబ్లిక్ స్కూళ్లలో అలాంటి పిల్లలు గుంపుగా ఉంటారు, క్లాసూ ఉంటుంది. అక్కడి ఓలోనీ కమ్యూనిటీ కాలేజీలో హైస్కూలు పిల్లలు కూడా క్లాసులు తీసుకోవచ్చు, బడి ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. మీవాడు అలాంటివాడా? మీ ఉత్తరంలో ఆ సూచన లేదు. ఉంటే అది బడి మార్చడానికి సరైన కారణం. థియాలజీ బి మైనస్ కాదు.

ఆ బి మైనస్ యూనివర్సిటీ సీటుకు అడ్డొస్తుందన్న భయం కూడా తీసేస్తాను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా జీపీఏ లెక్కకట్టేది తొమ్మిది తరువాతి వేసవి నుంచి పదకొండు తరువాతి వేసవి దాకా వచ్చిన గ్రేడ్లతోనే, అదీ ప్రవేశం కోసం వాళ్లు ఆమోదించిన ఏ-జి అనే కోర్సుల్లో మాత్రమే. తొమ్మిదో తరగతి గ్రేడ్లు కనిపిస్తాయి గానీ లెక్కలోకి రావు. ఆనర్స్, ఏపీలకు ఇచ్చే అదనపు పాయింటుకు కూడా ఎనిమిది సెమిస్టర్ల పరిమితి ఉంది. సాట్ పరీక్ష మార్కులు ప్రవేశానికి అసలు చూడరు. థియాలజీ కోర్సుల్లో ఏవి ఏ-జి జాబితాలో ఉన్నాయో ఆ యూనివర్సిటీ వెబ్‌సైటులో మీ బడి పేరు కొట్టి చూసుకోవచ్చు. మతాన్ని ఒక అధ్యయన విషయంగా చెప్పే కోర్సును ఐచ్ఛికంగా ఒప్పుకునే వీలుంది. ప్రైవేటు యూనివర్సిటీలు తొమ్మిది నుంచీ చూస్తాయి, అవి కూడా బి మైనస్ తరువాత ఏం వచ్చిందనే చూస్తాయి.

ఇప్పుడు అత్తగారి నిద్ర సంగతి. ఏ.ఎం.డి.జి. అంటే 'దేవుని మహిమ ఇనుమడించుటకు' అనే అర్థమిచ్చే లాటిన్ మాటల పొడి అక్షరాలు. ఫాదర్ల బడుల్లో పేపరు పైన రాయడం ఆనవాయితీ. మన పెద్దలు ఉత్తరం పైన 'శ్రీరామ' అని పెట్టేవారే, అలాగ. రాయకపోయినా మార్కు పోదు. వాడికిష్టమైతే ఓం అని రాసుకోవచ్చు, ఏ టీచరూ కొట్టేయదు.

పూజకు అందరూ హాజరవుతారు. మర్యాదగా కూర్చోవాలి, లేవమన్నప్పుడు లేవాలి, అంతే. పూజలో పంచే దివ్యసత్ప్రసాదం క్యాథలిక్కులు కానివారికి ఇవ్వరు, అడిగినా ఇవ్వరు. వరసలో వెళ్లాలనుకుంటే చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ ఆశీర్వచనం చెప్పి పంపిస్తారు. కూర్చునే ఉన్నా ఎవరూ ఏమీ అనరు. వచ్చే నెల పూజ విభూది బుధవారానిదైతే నుదుట బూడిద పెడతారు, అది కూడా ఇష్టమైతేనే. తెలుగు ప్రార్థన అంటారా, వేర్వేరు ఇళ్ల భాషల్లో ఒక్కొక్కరి చేత ఒక్కో విన్నపం చదివించడం ఈ బడుల్లో మామూలు. 'జబ్బుతో ఉన్నవారి కోసం', 'యుద్ధంలో ఇళ్లు కోల్పోయినవారి కోసం' లాంటివి. వాక్యం ఏమిటో ముందే ఇంటికి తెమ్మనండి. మీ మనసుకు ఒప్పుదల లేని మాట అందులో ఉంటే వాడే టీచరుతో చెప్పవచ్చు. లేకపోతే చదవనివ్వండి. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఆ హాలు నిండా ఉన్న జనం ముందు తెలుగు చదువుతానని తనంతట తాను ముందుకొస్తే, వద్దనే నోరు నాకైతే రాదు. ఒత్తులు సరిగా పలికేలా ముందురోజు ఫోనులో అత్తగారి చేతే చెప్పించండి.

మతం మారుస్తారా అన్న ప్రశ్నకు సూటిగా చెబుతాను. 1965 అక్టోబరు 28న ఆ వాటికన్ మహాసభే ఇతర మతాల గురించి ప్రకటన చేసింది. హిందూ ధర్మాన్ని పేరుపెట్టి ప్రస్తావించి, ఈ మతాల్లో సత్యమైనదీ పవిత్రమైనదీ ఏదైనా సరే తాము తిరస్కరించమని చెప్పింది. ఆ డిసెంబరులో మత స్వేచ్ఛ మీద ఇంకో పత్రం, విశ్వాసంలో బలవంతం కూడదని. క్యాథలిక్ కావాలంటే నెలల తరబడి ప్రత్యేక శిక్షణ, చివర పాస్క (ఈస్టర్) రాత్రి జ్ఞానస్నానం ఉంటాయి. తొమ్మిదో తరగతి థియాలజీ క్లాసులో పొరపాటున జరిగిపోయే పని కాదు. దేశం మొత్తం మీద క్యాథలిక్ బడుల పిల్లల్లో సుమారు ఐదో వంతు మంది క్యాథలిక్కులు కారు.

అయితే నాలుగేళ్లు చదివాక వాడిలో ఏ మార్పూ ఉండదని చెబితే అది అబద్ధం. సువార్తలు వాడికి బాగా తెలుస్తాయి. క్లాసులో 'మీలో దీన్నేమంటారు' అని ఆ గదిలో ఉన్న ఒక్కగానొక్క హిందువుగా వాణ్నే అడుగుతారు, వాడు తెల్లమొహం వేస్తాడు. ఇంటికొచ్చి కర్మ అంటే ఏమిటి, విగ్రహాన్ని ఎందుకు పూజిస్తాం, కులం ఎందుకు అని మీవారిని అడుగుతాడు. 'పెద్దయ్యాక తెలుస్తుందిలే' అనే జవాబు ఆ రోజు చెల్లదు. వారానికోసారి మామగారితో గంటసేపు మాట్లాడించండి, ఆ రెండు లోకాలూ చూసినవాడు మీ ఇంట్లో ఆయనొక్కరే. ఆ ప్రశ్నలే వద్దు, ఆ గ్రంథం వాడి చేతిలో ఉండటమే మాకిష్టం లేదు అని మీ ఇద్దరి మనసులో గట్టిగా ఉంటే, అది మీ హక్కు. అప్పుడు ఈ బడి మీది కాదు, జూన్‌లో మార్చేయండి, నేనేమీ అనను. కానీ వాడికి ఆ కారణమే చెప్పండి, గ్రేడు మీద నెట్టకండి.

మిగతావి క్లుప్తంగా. 'జగ్' పడింది అని వస్తే కంగారు పడకండి, చొక్కా టక్ చేయనందుకో ఆలస్యమైనందుకో బడి వదిలాక కాసేపు ఉంచేస్తారు. సేవా గంటలు తప్పనిసరి. వాటిని కాలేజీ దరఖాస్తు కోసం ఏరుకోకండి, వృద్ధాశ్రమమో అన్నదాన కేంద్రమో, మనుషుల మొహాలు చూసే చోటికి పంపండి. పదకొండు, పన్నెండుల్లో కైరోస్ అని నాలుగు రోజుల రిట్రీట్ (ప్రార్థన, ఆత్మపరిశీలన శిబిరం) ఉంటుంది, ఫోన్లు తీసేసుకుంటారు. దాని లోపలి సంగతులు ముందే చెప్పకూడదన్నది ఆచారం, నేనూ చెప్పను. అప్పుడు బడి మిమ్మల్ని ఒకటి అడగవచ్చు. అడిగితే బద్ధకించకుండా ఇద్దరూ చేయండి, తెలుగులో చేయండి.

ఇక ఉంచాలా, మార్చాలా? పబ్లిక్ స్కూలు మీ చిరునామాకు దక్కే హక్కు. పదిలో వెళ్లినా, పదకొండులో వెళ్లినా మీ జిల్లా చేర్చుకోవాల్సిందే. ఈ బడిలో ఒకసారి వదిలిన సీటు మళ్లీ దొరకడం కష్టం, పై తరగతుల్లో ఖాళీలు చాలా తక్కువ. కాబట్టి తొందర పడాల్సిన అవసరం మీకు లేదు. రెండో సెమిస్టర్ చూడండి. గ్రేడు కంటే మూడు సంగతులు చూడండి: టీచరు దగ్గరికి తనంతట తాను వెళ్తున్నాడా, పేపర్లో మొదటి పేరాలో వాదన కనిపిస్తోందా, రాత్రి పదిన్నరకు నిద్రపోతున్నాడా. మూడోది మీరు తేలిగ్గా తీసుకుంటారని తెలుసు. ప్రయాణం గంట, హోంవర్కు మూడు గంటలు, దానిపైన మీరు పెట్టిన ట్యూషన్ అంటే ఏ పిల్లవాడూ నిలబడడు. ఆ లెక్కల ట్యూషన్ ముందు మానిపించండి.

వచ్చే ఏడాది ఒప్పందం ఫిబ్రవరి, మార్చిల్లో పంపుతారు. సాధారణంగా డిపాజిట్ తిరిగి రాదు, ఫలానా తేదీ దాటాక మానేస్తే మొత్తం ఫీజు కట్టాలన్న షరతు కూడా కొన్ని బడుల్లో ఉంటుంది. మీవారు జూన్ అంటున్నారు, జూన్ దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఆ కాగితం రాగానే తేదీలు చూసుకుని, సంతకానికి ముందు ఒక ఆదివారం ముగ్గురూ కూర్చోండి. ఆ రోజు మొదట మాట్లాడాల్సింది పిల్లవాడు.